దూరాన ఉన్న టీమ్‌ను అర్థం చేసుకుని నడిపించడం: నల్లగొండ, పాలమూరు టీమ్ లీడ్లకు

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాద్ హాస్టళ్లు, అద్దె గదులు ఖాళీ చేసి ల్యాప్‌టాప్‌లతో సొంతూళ్లకు చేరిన నల్లగొండ, మహబూబ్‌నగర్ యువతలో కొందరు ఆ తర్వాత కూడా ఇంటి నుంచే పని కొనసాగిస్తున్నారు. 2023లో మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలోను, నల్లగొండలోను ఐటీ టవర్లు తెరుచుకోవడంతో సొంత ఊరికి దగ్గరలో పనిచేసే వీలు మరికొందరికి కలిగింది. ఒక లీడ్ కింద పనిచేసే పది మందిలో ఇద్దరు మిర్యాలగూడలో, ఒకరు దేవరకొండలో, ఇంకొకరు వనపర్తి దగ్గరి పల్లెలో, మిగిలినవారు హైదరాబాద్ ఆఫీసులో ఉండటం ఇప్పుడు వింతేమీ కాదు.

అందరూ ఒకే గదిలో ఉన్న రోజుల్లో లీడ్‌కు ఏ ప్రయత్నమూ లేకుండానే చాలా సంగతులు తెలిసేవి. ఒకరు మధ్యాహ్నం టిఫిన్ బాక్సు విప్పకుండానే కూర్చున్నారని, మరొకరు ఫోన్ రాగానే కారిడార్‌లోకి వెళ్లి చాలాసేపు తిరిగి రావడం లేదని, ఎప్పుడూ కలిసి చాయ్ తాగే ఇద్దరు వేర్వేరుగా వెళ్తున్నారని కంటితోనే తెలిసేది. ఇప్పుడు లీడ్ ముందు ఉన్నది పేరు పక్కన వెలిగే ఒక పచ్చ చుక్క, మ్యూట్‌లో ఉన్న ఒక చతురస్రం, "ఓకే సార్" అనే రెండు మాటలు. అప్పట్లో చూసి తెలుసుకున్నదంతా ఇప్పుడు అడిగి తెలుసుకోవాలి, తెలుసుకున్నదాన్ని బట్టి పనిని అమర్చాలి. ఈ రెండో సగం జరగకపోతే మొదటి సగం వల్ల మేలు లేకపోగా కీడు కూడా జరుగుతుంది. మనిషి కష్టమంతా విని "అయ్యో" అని, మర్నాడు అదే గడువు, అదే కాల్, అదే బరువు పెట్టే లీడ్‌కు ఆ ఉద్యోగి మళ్లీ ఏ సంగతీ చెప్పరు.

ముందు లీడ్ తన మనసును గమనించుకోవాలి

భావోద్వేగ ప్రజ్ఞ అనే ఆలోచనకు శాస్త్రీయ రూపం ఇచ్చినవారు పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు. 1990లో మొదలుపెట్టిన ఈ ఆలోచనను వారు తర్వాత నాలుగు సామర్థ్యాలుగా విడదీసి చెప్పారు: మనలోను ఎదుటివారిలోను కలుగుతున్న భావాన్ని గుర్తించడం, ఆ భావాన్ని ఆలోచనకు తోడుగా వాడుకోవడం, అది ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం చేసుకోవడం, దాన్ని అదుపులో నడుపుకోవడం. వీటిని లీడ్ ముందుగా తన మీదే సాధన చేయాలి. క్లయింట్ చేత మాటలు పడి వెంటనే టీమ్ కాల్‌లోకి వచ్చిన లీడ్ గొంతులోని చిరాకు, అక్కడ అతని ముఖం చూడలేనివారికి తమ మీది కోపంగానే వినిపిస్తుంది. ఆఫీసులో అయితే ఆ లీడ్ అంతకుముందు గాజు గదిలో ఎవరితో మాట్లాడాడో అందరూ చూసి ఉంటారు. వనపర్తిలో కూర్చున్న మనిషికి ఆ వివరం తెలిసే దారి లేదు. అందుకని రెండు కాల్‌ల మధ్య ఐదు నిమిషాల ఖాళీ ఉంచుకోవాలి, వీలు కాకపోతే కాల్ మొదట్లోనే "ఇప్పుడే ఒక కష్టమైన మీటింగ్ నుంచి వచ్చాను, నా గొంతులో తేడా ఉంటే దానికి మీరు కారణం కాదు" అని చెప్పేయాలి. ఈ ఒక్క వాక్యం టీమ్‌లో ఎంత భయాన్ని తీసివేస్తుందో చెప్పి చూసిన లీడ్లకే తెలుస్తుంది.

రాతలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఈమెయిల్‌లో తాము రాసింది ఏ ధోరణిలో రాశారో చదివేవారికి ఇట్టే తెలుస్తుందని రాసేవారు నమ్ముతారని, నిజానికి చదివేవారికి అంతగా తెలియదని, అదే మాట గొంతుతో చెప్పినప్పుడు ఈ తేడా చాలా తక్కువగా ఉంటుందని జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు 2005లో ప్రయోగాలతో చూపించారు. వాట్సాప్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ సందేశాలకు కూడా ఇది వర్తిస్తుందని నేను రోజూ చూస్తున్నాను. రాత్రి పదింటికి లీడ్ "రేపు పొద్దున ఒకసారి మాట్లాడాలి" అని ఒక్క ముక్క రాసి పడుకుంటే, అవతల ఆ ఉద్యోగికి నిద్ర పట్టదు. తీరా పొద్దున మాట్లాడేది కొత్త ప్రాజెక్టు గురించి కావచ్చు. అదే సందేశాన్ని "కొత్త ప్రాజెక్టులో టెస్టింగ్ పని మీకు ఇద్దామని ఆలోచన. రేపు పదకొండింటికి పది నిమిషాలు మాట్లాడదాం. కంగారేమీ లేదు" అని రాసి, పొద్దున తొమ్మిదింటికి వెళ్లేట్టు షెడ్యూల్ చేయవచ్చు. సంగతి ఏమిటి, ఎప్పటిలోగా, ఎంత ముఖ్యం అనే మూడూ ప్రతి సందేశంలో ఉండాలి. ప్రశ్నార్థకాలు వరసగా పెట్టడం, "ఏమైంది ఇంకా" అని విడిచిపెట్టడం, గ్రూపులో ఒకరి పేరు ట్యాగ్ చేసి ఆలస్యాన్ని అడగడం మానుకోవాలి. రెండుసార్లు రాసినా తేలని విషయాన్ని మూడోసారి రాయకుండా ఫోన్ చేయాలి.

ఇంటిని, ఊరిని, కాలాన్ని తెలుసుకోవడం

టీమ్‌లోకి కొత్తగా ఎవరు వచ్చినా, లేదా పాతవారే ఇంటి నుంచి పని మొదలుపెట్టినా, మొదటి వారంలోనే అరగంట వారి పని పరిస్థితి మీద మాట్లాడాలి. కూర్చోవడానికి విడిగా అర్ర ఉందా, కరెంటు ఏ వేళల్లో పోతుంది, ఇన్వర్టర్ ఉందా, ఇంటర్నెట్ కేబుల్‌దా ఫోన్ హాట్‌స్పాటా, రోజులో ఏ గంటల్లో ఇంట్లో సద్దు తక్కువగా ఉంటుంది, ఏ గంటల్లో తప్పనిసరిగా లేవాల్సి వస్తుంది, తమను ఎలా పిలిస్తే బాగుంటుంది అనేవి అడగాలి. ఇవన్నీ పనికి సంబంధించిన ప్రశ్నలే కాబట్టి అడగడంలో తప్పు లేదు. ఇంట్లో ఎవరికి ఏం జబ్బు, ఆస్తి తగాదాలు ఏమిటి, పెళ్లి ఎప్పుడు అనేవి మాత్రం వారంతట వారు చెబితే వినాలే తప్ప అడగకూడదు. మన వైపు ఆప్యాయతతోనే ఇవి అడుగుతారన్నది నిజమే, కానీ జీతాన్ని, రేటింగ్‌ను నిర్ణయించే మనిషి అడిగినప్పుడు జవాబు చెప్పకుండా ఉండటం కష్టమని లీడ్ గుర్తుంచుకోవాలి.

ఆ ఇంటితో పాటు ఆ ఊరి కాలమానం కూడా తెలుసుకోవాలి. హైదరాబాద్‌లో లేదా బెంగళూరులో కూర్చుని ప్రాజెక్టు ప్లాన్ వేసేవారికి ఏప్రిల్, మే నెలలు మామూలు నెలలుగానే కనిపిస్తాయి. నల్లగొండ, సూర్యాపేట వైపు అవి యాసంగి వరి కోతలు అయ్యి వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్లకు చేరే నెలలు. వడ్లు ఆరబోసి, తేమ తగ్గి, కాంటా అయ్యి, లారీ ఎక్కే దాకా రైతు ఇంట్లో ఎవరికీ నిలకడ ఉండదు, ఆ మధ్యలో అకాల వర్షం వస్తే ఆరుగాలం కష్టం కళ్లముందే తడిసిపోతుంది. ఆ ఇళ్ల నుంచి చదువుకుని ఉద్యోగాల్లోకి వచ్చినవారు మన టీముల్లో ఎందరో ఉన్నారు.

అలాంటి ఒక సాయంత్రం ఎలా ఉంటుందో చూడండి. నాలుగు గంటల కాల్ నడుస్తూ ఉండగా త్రిపురారం వైపు ఊరి నుంచి పనిచేస్తున్న కుర్రవాడు మాటమాటకీ ఆగిపోతున్నాడు. లీడ్ "నెట్ సరిగ్గా లేదా?" అని అడిగితే "ఉంది సార్" అంటాడు. మళ్లీ ఆగుతాడు. అప్పుడు లీడ్ మిగిలినవారిని పని మీద ఉంచి, అతనికి విడిగా ఫోన్ చేసి "ఏదో పరేషాన్‌లో ఉన్నట్టు అనిపిస్తుంది తమ్మీ, ఏం సంగతి?" అని అడిగాడనుకుందాం. "మబ్బు పట్టింది సార్. వడ్లు కల్లంల ఉన్నయి. నాయిన ఒక్కడే ఉన్నడు, కవర్లు కప్పాలె" అనే జవాబు వస్తుంది. ఇక్కడ లీడ్ చేయదగిన పని ఒక్కటే: "పో, పని నేను చూస్తా. ఎన్ని గంటలకు వస్తవో మెసేజ్ పెట్టు చాలు" అని పంపించడం. ఒక గంటలో ఆకాశం ఏదో ఒకటి తేల్చేస్తుంది, ఆ కుర్రవాడు ఏడింటికి తిరిగి వచ్చి మిగిలిన పని పూర్తి చేస్తాడు. ఇదే సందర్భంలో "కాల్ అయ్యాక వెళ్లు" అన్న లీడ్‌కు దక్కేది అరగంట సేపు చెవులు మాత్రమే ఉన్న మనిషి. ఇంకా మంచి లీడ్ అయితే ఏప్రిల్ మొదట్లోనే "ఎవరింట్లో కోతలున్నాయి, ఎప్పుడు?" అని టీమ్‌ను అడిగి, ఆ వారాల్లో వారి చేతికి గంటల లెక్కన గడువున్న పని కాకుండా రోజుల లెక్కన గడువున్న పని ఇచ్చి ఉంచుతాడు.

ఇలాగే జూలై, ఆగస్టుల్లో నాట్లు, అక్టోబర్ నుంచి పత్తి ఏరడం టీమ్ క్యాలెండర్‌లోకి రావాలి. ఎంగిలిపూల నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు సాయంత్రం ఐదు తర్వాత మహిళలకు కాల్ పెట్టకపోవడం పెద్ద త్యాగమేమీ కాదు, వారికి మాత్రం అది ఏడాదంతా గుర్తుండే గౌరవం. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవారికి ఇఫ్తార్ వేళ ఖాళీగా ఉంచాలి. పీర్ల పండుగను మన ఊళ్లలో హిందువులు, ముస్లింలు కలిసే చేసుకుంటారు కాబట్టి ఆ సెలవు ఎవరికి కావాలో పేర్లను చూసి ఊహించకుండా అందరినీ అడగాలి. కురుమూర్తి జాతర, చెరువుగట్టు జాతర, రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టు జాతర వంటివి కంపెనీ సెలవుల పట్టికలో ఉండవు, అయినా ఆయా ఊళ్ల వారికి అవి దసరా అంతటివి.

వారానికి ఒకసారి ఒకరితో ఒకరు

దూరాన ఉన్న ఉద్యోగితో లీడ్‌కు ఉన్న అన్ని పద్ధతుల్లో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఉంచుకునేది ఈ వారపు మాటామంతీ. ప్రతి వారం ఒకే రోజు, ఒకే వేళకు, అరగంట సేపు, ఇద్దరే మాట్లాడుకోవాలి. దీన్ని ఊరికే వాయిదా వేయకూడదు. రెండుసార్లు వాయిదా పడితే తన కన్నా అన్నీ ముఖ్యమేనని ఉద్యోగికి అర్థమవుతుంది. వీడియో ఉండాలన్న పట్టుదల వద్దు. స్టాన్‌ఫోర్డ్ ఆచార్యుడు జెరెమీ బైలెన్సన్ 2021లో వీడియో కాల్‌ల అలసటకు చెప్పిన కారణాల్లో ఎదుటివారి ముఖం ఎడతెగకుండా దగ్గరగా కనిపించడం, తన ముఖం తనకే కనిపిస్తూ ఉండటం, కదలకుండా ఒకే చోట కూర్చోవలసి రావడం ఉన్నాయి. పైగా ఇల్లు కెమెరాలో కనబడటం ఇష్టం లేనివారు మన దగ్గర చాలామంది. మామూలు ఫోన్ కాల్‌లో ఉద్యోగి మేడ మీద తిరుగుతూ, వేప చెట్టు కింద కూర్చుని మాట్లాడవచ్చు, అలా మాట్లాడినప్పుడే మనసులోని మాట బయటికి వస్తుంది.

ఈ అరగంటను పని జాబితాతో మొదలుపెట్టకూడదు. "ఎట్లున్నరు?" అని అడిగితే "మంచిగనే సార్" అనే జవాబు తప్ప మరొకటి రాదు, ఎందుకంటే మన మర్యాదలో ఆ ప్రశ్నకు అదే జవాబు. జవాబు చెప్పగలిగేంత చిన్న ప్రశ్న వేయాలి. "ఈ వారం ఏ పని మీకు బాగా విసుగు తెప్పించింది?", "ఏ రోజు ఎక్కువ సేపు కూర్చోవాల్సి వచ్చింది, ఎందుకు?", "నేను చేసినవాటిలో మీ పనికి అడ్డం వచ్చింది ఏమైనా ఉందా?" వంటివి పనికొస్తాయి. ఆ తర్వాత మౌనంగా ఉండటం నేర్చుకోవాలి. ఫోన్‌లో ఐదు క్షణాల నిశ్శబ్దం లీడ్‌కు చాలా పొడవుగా తోస్తుంది, ఏదో ఒకటి మాట్లాడి నింపాలనిపిస్తుంది. అవతలి మనిషి చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నది సరిగ్గా ఆ ఐదు క్షణాల్లోనే.

కల్వకుర్తి వైపు అత్తగారింటి నుంచి పనిచేసే ఒక అమ్మాయి పొద్దున పదకొండు గంటల కాల్‌లో కొద్ది వారాలుగా తక్కువ మాట్లాడుతోందనుకుందాం. లీడ్ "మీరు ఈ మధ్య చురుగ్గా ఉండటం లేదు" అంటే అది తీర్పు అవుతుంది, ఆమె "సారీ సార్, ఇకమీదట చూసుకుంటా" అని ముగించేస్తుంది. దానికి బదులు తాను చూసినదాన్నే చెప్పి, కారణాన్ని ఆమెకే విడిచిపెట్టాలి.

"పదకొండు గంటల కాల్‌లో మీరు మ్యూట్ తీయడానికి ఇబ్బంది పడుతున్నట్టు అనిపిస్తుంది అమ్మా. ఆ టైమ్ మీకు కుదురుతలేదా?"

"అట్లేం లేదు సార్."

లీడ్ ఆగుతాడు.

"అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువైనయి సార్. వంట నేనే చేస్తున్న. సరిగ్గా అదే టైమ్‌కు అన్నం పొయ్యి మీద ఉంటది."

"అంటే పొద్దటి నుంచి రెండు పనులు ఒక్కసారే మోస్తున్నరు. అలసటతో పాటు, కాల్‌లో ఎవరన్న ఏమన్న అనుకుంటరేమోనని భయం కూడా ఉన్నట్టుంది."

"అవును సార్. గిన్నెల సప్పుడు వినపడుతదని మ్యూట్ తీయను."

ఇందులో గమనించవలసింది లీడ్ చివరి మాట. అతను సలహా ఇవ్వలేదు, ఓదార్చలేదు, తన ఇంటి కథ మొదలుపెట్టలేదు, ఆమెకు కలుగుతున్నదాన్ని పేరు పెట్టి చెప్పి అది సరేనో కాదో ఆమెనే చెప్పనిచ్చాడు. భావానికి మాట దొరికినప్పుడు మెదడులో భయానికి సంబంధించిన అమిగ్డలా అనే భాగపు స్పందన తగ్గుతుందని మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో మెదడు స్కాన్లతో గమనించింది. మన ఇళ్లలో పెద్దవారు "భయమైందా బిడ్డా" అని అడగగానే పిల్లలు కుదుటపడటం అందరం చూసేదే. ఇక రెండో సగం: ఆ కాల్‌ను మధ్యాహ్నం రెండున్నరకు మార్చాలి, మార్చింది ఆమె కోసమని గ్రూపులో చెప్పకూడదు. "అందరికీ రెండున్నర వీలేనా?" అని అడిగి మార్చితే చాలు, మరో ఇద్దరు "అదే మంచిది" అనడం కూడా తరచు జరుగుతుంది. తర్వాతి వారం మాటల్లో "కొత్త టైమ్ కుదిరిందా?" అని అడగడం మరవకూడదు.

ఈ సంభాషణల్లో లీడ్ రాసుకోవలసింది తాను చేస్తానన్న పనులు మాత్రమే. ఉద్యోగి ఇంటి సంగతులు ఏ ఫైలులోను, ఏ నోట్స్‌లోను ఉండకూడదు, పక్క లీడ్‌తో చాయ్ దగ్గర కూడా వాటి ప్రస్తావన రాకూడదు. ఒక్కసారి బయటికి పొక్కిందంటే ఆ టీమ్‌లో ఇక ఎవరూ నోరు విప్పరు.

చెడు వార్త త్వరగా వచ్చేలా చూడటం

పెద్దవారికి ఎదురు చెప్పకూడదన్న పెంపకం మనది. లీడ్ "శుక్రవారానికి అవుతుందా?" అంటే కాదని తెలిసినా "చూస్తా సార్" అంటారు, గురువారం రాత్రి దాకా ఒంటరిగా తంటాలు పడతారు. పొరపాటును, సందేహాన్ని, కాదన్న మాటను భయం లేకుండా చెప్పగలిగే వాతావరణం ఉన్న టీముల్లో నేర్చుకోవడం ఎక్కువగా జరుగుతుందని హార్వర్డ్ ఆచార్యురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ 1999లోనే అధ్యయనం చేసి చెప్పారు. దూరాన ఉన్నవారికి ఈ వాతావరణాన్ని ప్రశ్న రూపంలోనే అందించవచ్చు. "అయిందా?" అని అడిగే చోట "ఎక్కడ ఆగింది?" అని అడగాలి. "శుక్రవారానికి అవుతుందా?" అనే చోట "శుక్రవారానికి కాకుండా చేసే అడ్డంకి ఏదైనా కనిపిస్తోందా?" అనాలి. ఆగడం మామూలేనని, చెప్పడం తప్పు కాదని ఆ ప్రశ్నలోనే తెలిసిపోతుంది.

ఇక చెడు వార్త వచ్చినప్పుడు లీడ్ నోట వెలువడే మొదటి వాక్యం మీదే మొత్తం ఆధారపడి ఉంటుంది. "ముందే చెప్పొచ్చు కదా" అన్న మాట ఎంత న్యాయమైనదైనా ఆ క్షణంలో అనకూడదు. "చెప్పి మంచి పని చేశారు, ఇప్పుడు ఏం చేయగలమో చూద్దాం" అని మొదలుపెట్టి, ముందే ఎందుకు చెప్పలేకపోయారన్నది సద్దుమణిగాక విడిగా మాట్లాడాలి.

భాష విషయం కూడా ఇందులోనే ఉంది. ప్రభుత్వ బడిలో తెలుగు మీడియంలో చదివి వచ్చినవారు క్లయింట్ ఉన్న కాల్‌లో ఇంగ్లీషు తడబడుతుందని మాట్లాడరు, లీడ్ దాన్ని తెలివితక్కువతనంగానో, ఆసక్తి లేకపోవడంగానో లెక్కగడతాడు. ఇది పెద్ద అన్యాయం, చాలాచోట్ల జరుగుతున్నది. అలాంటివారిని కాల్‌కు ముందే ఏ అంశం మీద అడుగుతారో చెప్పి సిద్ధం కానివ్వాలి, రాసి చెప్పే వీలు ఇవ్వాలి, ఇద్దరే మాట్లాడుకునేటప్పుడు తెలుగులోనే మాట్లాడాలి. సమస్యను తెలుగులో ఎంత సూక్ష్మంగా విడమరచి చెబుతారో విన్న తర్వాత వారి మీద లీడ్ అంచనా మారి తీరుతుంది.

గడువు తప్పినప్పుడు, బరువు పంచేటప్పుడు

సహానుభూతి ఉన్న లీడ్ అంటే ఏమీ అనని లీడ్ అని కొందరు అనుకుంటారు. తప్పును చెప్పకుండా వదిలేయడంలో దయ లేదు. ఆరు నెలల తర్వాత రేటింగ్‌లో దాన్ని చూసి ఉద్యోగి విస్తుపోతాడు, అప్పటికి దిద్దుకునే కాలం దాటిపోతుంది. చెప్పవలసింది ఆ వారంలోనే, విడిగా, ఫోన్‌లో చెప్పాలి. జరిగినదాన్ని విశేషణాలు లేకుండా చెప్పి, దాని వల్ల ఎవరికి ఏం ఇబ్బంది కలిగిందో చెప్పి, వారి వైపు సంగతి అడిగి, ఇకమీదట ఇద్దరూ ఏం చేయాలో తేల్చుకోవాలి. "సోమవారం రావాల్సిన రిపోర్టు బుధవారం వచ్చింది. మధ్యలో ఒక్క మెసేజ్ కూడా లేదు. దాంతో గద్వాలలో ఉన్న మన టెస్టర్ మంగళవారం రాత్రి దాకా ఎదురు చూడాల్సి వచ్చింది. మీ దగ్గర ఏం జరిగిందో చెప్పండి" అంటే చాలు. "మీకు బాధ్యత లేదు" అన్న మాటతో ఏ మేలూ జరగదు. రెండు రోజులు కరెంటు లేదన్నారనుకోండి, కారణాన్ని నమ్మాలి, నమ్ముతూనే "అలాంటప్పుడు ఒక్క ఫోన్ చేయాలి, ఇది మాత్రం తప్పనిసరి" అని గట్టిగా చెప్పాలి.

ఇంతకన్నా కష్టమైన పని బరువును న్యాయంగా పంచడం. ఒకరికి వెసులుబాటు ఇస్తే ఆ పని ఎక్కడికో మాయమైపోదు, మరొకరి భుజం మీదికి చేరుతుంది. ఆ మరొకరు చాలాసార్లు పెళ్లికాని, హాస్టల్‌లో ఉండే, "నాకేం ఇబ్బంది లేదు సార్" అనే ఒకే కుర్రవాడు లేదా ఒకే అమ్మాయి అవుతారు. పిల్లలున్నవారికి, వ్యవసాయం ఉన్నవారికి, ముసలి తల్లిదండ్రులున్నవారికి కారణాలు కనబడతాయి, ఒంటరిగా ఉన్నవారి అలసటకు కారణం కనబడదు కాబట్టి అది లెక్కలోకి రాదు. లీడ్ ఒక చిన్న పట్టిక పెట్టుకుని ఎవరి పని ఎవరు, ఎన్ని గంటలు మోశారో రాసుకోవాలి, నెల తిరిగేలోగా ఆ గంటలను సెలవుగానో, తేలిక పనిగానో తిరిగి ఇవ్వాలి. తిరిగి ఇవ్వడం టీమ్‌కు తెలిసేలా జరగాలి. వెసులుబాటు అందరికీ వరుసగా అందుతుందని నమ్మకం కుదిరాక, ఒకరి కోసం ఒకరు నిలబడటానికి ఎవరూ వెనుకాడరు.

ఉద్యోగి కీబోర్డు ఎంత కదిలింది, స్క్రీన్ మీద ఏముంది అని చూసే సాఫ్ట్‌వేర్లను నేను సమర్థించను. చేతికి అందిన పనిని బట్టి మనిషిని తూకం వేయగల లీడ్‌కు వాటి అవసరం ఉండదు.

ఆఫీసులో ఉన్నవారు, ఇంట్లో ఉన్నవారు

సగం మంది ఆఫీసులో, సగం మంది ఇళ్లలో ఉన్న టీమ్‌లో ఇంట్లో ఉన్నవారు తెలియకుండానే వెనకబడతారు. చాయ్ దగ్గర తేలిన నిర్ణయం వారికి మూడు రోజుల తర్వాత తెలుస్తుంది, కొత్త అవకాశం వచ్చినప్పుడు లీడ్ మనసులో ముందుగా మెదిలేది రోజూ కనిపించే ముఖమే. దీనికి రెండు కట్టుబాట్లు చాలు. పనికి సంబంధించిన ఏ నిర్ణయమైనా అదే రోజు టీమ్ చానల్‌లో రాతపూర్వకంగా ఉండాలి. ప్రమోషన్‌కు, మంచి ప్రాజెక్టుకు పేరు రాసే ముందు టీమ్ మొత్తం జాబితాను ఎదురుగా పెట్టుకుని, ఒక్కొక్కరి పనిని చదివి రాయాలి.

మూడు నెలలకోసారైనా అందరూ ఒకచోట కలవాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి, ఎప్పుడూ జిల్లాల వారే నగరానికి రాకుండా ఒక్కోసారి నగరం వారు కూడా జిల్లాకు వెళ్లాలి. ప్రయాణ ఖర్చు కంపెనీదే కావాలి. మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉన్నా, చీకటి పడ్డాక పట్నం బస్టాండ్ నుంచి పల్లెకు చేరడం వేరే సమస్య కాబట్టి మధ్యాహ్నం మూడింటికల్లా ముగించాలి. ఆ రోజు స్లైడ్లు పెట్టకుండా కలిసి భోజనం చేసి మాట్లాడుకుంటే చాలు.

లీడ్ చేతిలో లేని కష్టాలు

ఇంట్లో మరణం సంభవించినప్పుడు మెసేజ్ పెట్టకూడదు, ఫోన్ చేయాలి, రెండు నిమిషాలకు మించి మాట్లాడకూడదు. "మీ పని ఫలానా వారు చూస్తున్నారు, మీరు దాని గురించి ఆలోచించకండి" అన్నది ఆ రెండు నిమిషాల్లో తప్పక ఉండాలి. చాలా కంపెనీలు ఇలాంటప్పుడు ఇచ్చే సెలవు మూడు, నాలుగు రోజులకు మించదు, మన దగ్గర దినాలు పదకొండో రోజు దాకా నడుస్తాయి. మిగతా రోజులను ఏ సెలవు కింద పెట్టాలో, ఎంత వరకు సర్దవచ్చో లీడ్ తానే హెచ్‌ఆర్‌తో మాట్లాడి తేల్చాలి తప్ప తలకొరివి పెట్టిన మనిషి చేత ఈమెయిళ్లు రాయించకూడదు. ప్రసూతి సెలవు తర్వాత పని తీరు అనుమతిస్తే ఇంటి నుంచి పనిచేసేలా సంస్థ, ఉద్యోగిని ఒప్పందం చేసుకునే వీలును ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తెచ్చింది. సెలవు ముగిసే ముందే ఈ మాట లీడ్ నోట రావాలి, అడగడానికి మొహమాటపడేవారు చాలామంది.

ఎప్పుడూ సమయానికి వచ్చే మనిషి వారాల తరబడి ఆలస్యం కావడం, మాట తగ్గిపోవడం, చిన్న పనికే క్షమాపణలు చెప్పడం, వేళకాని వేళ మెసేజ్‌లు పెట్టడం వంటివి కలిసి కనిపిస్తే అడగాలి. లీడ్ వైద్యుడు కాడు, జబ్బుకు పేరు పెట్టకూడదు. "కొద్ది రోజులుగా మీరు బాగా అలసిపోయినట్టు ఉన్నారు. నాతో చెప్పాలని లేకపోయినా ఎవరితోనైనా మాట్లాడితే బాగుంటుంది" అని, 14416 నంబరు ఇవ్వాలి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవ, ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో హింసకు గురవుతున్న మహిళలకు 181 ఉంది. అలాంటి పరిస్థితిలో ఉన్నారని అనుమానం కలిగితే ముందుగా "ఇప్పుడు మాట్లాడటానికి వీలుందా?" అని అడగాలి, ఎందుకంటే స్పీకర్ పక్కన ఎవరున్నారో మనకు కనబడదు. పనివేళలు దాటాక ఆడవాళ్లకు అనవసరమైన వీడియో కాల్‌లు చేయడం, అసభ్య వ్యాఖ్యలు పంపడం వంటి ఫిర్యాదు వస్తే లీడ్ తానే సర్దిచెప్పి పంపకూడదు. పది మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో 2013 నాటి చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండి తీరాలి, ఫిర్యాదు అక్కడికి వెళ్లేలా తోడ్పడాలి.

పైవారితో మాట్లాడటం

ఇక్కడ చెప్పినవన్నీ జరగాలంటే లీడ్ చేతిలో కొంత వెసులుబాటు ఉండాలి, అది పైనుంచి రావాలి. చాలామంది లీడ్లు కింద మెత్తగా ఉండి పైన నోరు విప్పరు, ఆ రెంటికీ మధ్య నలిగి తామే రాత్రిళ్లు పనిచేస్తారు. అది నాలుగు నెలలకు మించి నడవదు. పైవారితో మాట్లాడేటప్పుడు జాలి గురించి కాకుండా లెక్క గురించి మాట్లాడాలి. తొమ్మిది మంది ఉన్న టీమ్‌లో ఏప్రిల్ రెండో సగంలో ముగ్గురికి కోతలుంటే, ఆ ముగ్గురూ కలిసి ఒకరి పనే చేయగలరనుకుని ఆ రెండు వారాలకు ఏడుగురి పనే ఒప్పుకోవాలి. దసరా వారంలో రిలీజ్ పెట్టవద్దని ఆగస్టులోనే ఈమెయిల్ రాయాలి. క్లయింట్‌కు తేదీ ఇచ్చే ముందే ఆ తేదీకి ఇరువైపులా ఏ పండుగ, ఏ జాతర, ఏ పంట పని ఉన్నదో క్యాలెండర్‌లో చూడాలి, ప్రతి పనీ ఇద్దరికి తెలిసి ఉండేలా ముందు నుంచే జతలు కట్టాలి. దేవరకొండలో ఒకరికి కరెంటు పోయినప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఇంకొకరు అందుకోగలిగేలా ఆ జతలు వేర్వేరు ఊళ్ల వారితో ఉండాలి.